సంపాదకుని మాట: సమాఖ్యను వీడిన రాజ్యము, పౌరుని హక్కు

2020 జనవరి 31వ తేదీన బ్రిటన్ ఐరోపా సమాఖ్యనుండి వైదొలగినను, 1950 నాటి ఐరోపా మానవహక్కుల ఒడంబడిక వేఱొక సంస్థయగు ఐరోపా మండలికి చెందినదగుటచే, 1998 నాటి మానవహక్కుల చట్టముద్వారా నేటికిని అచట చెల్లుచునే యున్నది. సమాఖ్యవారి ప్రాథమిక హక్కుల పత్రము మాత్రము 2018 నాటి నిష్క్రమణ చట్టముచే దేశీయ న్యాయమునుండి తొలగింపబడినది. విదేశ రాయబార కార్యాలయములలో ఊడిగము చేసిన పనివారు సమాఖ్య న్యాయము ప్రసాదించిన హక్కులకై దావా వేయగా, వారికి అడ్డుపడిన పార్లమెంటు చట్టభాగములను 2017లో అచటి సుప్రీంకోర్టు త్రోసిపుచ్చగలిగినది ఆ పత్రబలముననే. 1998 చట్టము క్రింద నైతే న్యాయమూర్తులు పార్లమెంటు చేసిన చట్టము హక్కులకు విరుద్ధమని ప్రకటింపగలరే గాని, దానిని నిలుపజాలరు. దిద్దుబాటు పార్లమెంటు చిత్తముపై ఆధారపడును. హక్కు నిలిచియుండియు పరిహారము సన్నగిల్లు ఈ విపరీతమునే ప్రస్తుత సంచికలోని వ్యాసములు విచారించుచున్నవి. పాఠకులు సావధానులై పరిశీలింతురుగాక.