చెల్లని చెక్కు – పరిహారము, గడువు

చేబదులుకు నోటిమాటే పూచీగా నిలిచిన రోజులు గతించాయి. నేడు అప్పిచ్చిన ప్రతివారూ ఒక చెక్కు పుచ్చుకొని నిశ్చింతగా ఉంటున్నారు. మనం నివసించే సూరత్‌లో వస్త్ర వ్యాపారం అధికభాగం అరువు మీదనే సాగుతుంది. రింగురోడ్డు మార్కెట్ల నుండి చీరల మూటలు ముందు వెళతాయి, సొమ్ము తరువాత వస్తుంది. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో మరమగ్గాలను నమ్ముకున్న మన తెలుగు పద్మశాలి కుటుంబాలకైనా, పదవీ విరమణ సొమ్మును బంధువుల చేతిలో పెట్టిన మన సహోద్యోగులకైనా ఆ కాగితమే ఆధారం. అది 'ఖాతాలో తగిన నిల్వ లేదు' అన్న చీటీతో తిరిగివస్తే చేయవలసినది ఏమిటో, కోర్టులు ఏ పరిహారం ఇప్పిస్తాయో, ఎంత గడువిస్తాయో ఈ నెల పరిశీలిద్దాం.

మెట్లు తప్పరాదు

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. అయితే చెల్లని చెక్కును నేరంగా పరిగణించే 138వ సెక్షను 1989 ఏప్రిల్ 1 నుండి మాత్రమే అమలులోకి వచ్చింది. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. చెక్కు న్యాయంగా రావలసిన బాకీ నిమిత్తం ఇచ్చినదై ఉండాలి.

మన ప్లాంటులోని ఇంటర్‌లాక్ వలె, ఇక్కడ ఒక మెట్టు పూర్తయితేనే తరువాతి మెట్టు తెరుచుకుంటుంది. తేదీ నుండి 3 నెలలలోగా చెక్కును బ్యాంకులో వేయాలి. చెల్లలేదని బ్యాంకు తెలిపిన 30 రోజులలోగా వ్రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందిన తరువాత చెల్లించడానికి అవతలివారికి 15 రోజులు ఉంటాయి. అప్పటికీ చెల్లించకపోతే, ఆపై ఒక నెలలో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి. ఫిర్యాదులో జాప్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు. నోటీసు విషయంలో అట్టి మన్నింపు లేదు. 'రేపు ఇస్తాను, ఎల్లుండి ఇస్తాను' అన్న మాటలు నమ్మి ఆ 30 రోజులు జారవిడుచుకున్నవారు ఎందరో!

ఏ ఊరి కోర్టు?

సూరత్ వర్తకునికి విజయవాడ కొనుగోలుదారు ఇచ్చిన చెక్కు చెల్లలేదనుకుందాం. చెక్కు ఇచ్చినవారి బ్యాంకు ఉన్న చోటనే కేసు నడవాలని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానితో సూరత్ వర్తకుడు వాయిదా వాయిదాకూ విజయవాడ ప్రయాణం కట్టవలసిన పరిస్థితి ఏర్పడింది. 2015లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు చెక్కును తన ఖాతాలో జమకు వేసిన వ్యక్తి, ఆ ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టుకే వెళ్ళవచ్చు.

తీర్పుకు ముందే పరిహారం

ఇట్టి కేసులను 6 నెలలలో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో అవి ఏళ్ళ తరబడి సాగుతున్నాయి. అందుచేత 2018 సెప్టెంబరు 1 నుండి 143ఎ సెక్షను వచ్చింది. ముద్దాయి నేరం ఒప్పుకోనప్పుడు, చెక్కు మొత్తంలో 20 శాతానికి మించకుండా మధ్యంతర పరిహారం చెల్లించమని కోర్టు ఆదేశించవచ్చు. చెక్కు 5 లక్షలదైతే, ఇది లక్ష రూపాయల వరకు ఉండవచ్చు. దీనికి గడువు 60 రోజులు. తగిన కారణం చూపితే మరో 30 రోజులు.

ఇది అడిగినంతనే లభించే హక్కు కాదు. ఇరుపక్షాల వాదనలోని బలాన్ని, ముద్దాయి ఆర్థిక ఇబ్బందులను తూచి, కారణాలు వ్రాసి మరీ ఆదేశించాలని 2024 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పైగా ముద్దాయి నిర్దోషిగా తేలితే, పుచ్చుకున్న సొమ్మును రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటు వడ్డీతో తిరిగి ఇవ్వాలి. దానికీ అదే గడువు. కనుక మధ్యంతర పరిహారం చేతికందగానే ఖర్చు పెట్టుకోవడం వివేకం కాదు.

శిక్ష పడిన తరువాత

నేరం రుజువైనప్పుడు చెక్కు మొత్తాన్ని, ఏడాదికి 9 శాతం సాధారణ వడ్డీని దృష్టిలో ఉంచుకొని పరిహారం నిర్ణయించడం సముచితమని 2011లో సుప్రీంకోర్టు సూచించింది. మధ్యంతరంగా చెల్లించినది ఇందులో తగ్గిస్తారు. ముద్దాయి అప్పీలు చేస్తే, 148వ సెక్షను ప్రకారం జరిమానాలో లేదా పరిహారంలో కనీసం 20 శాతం డిపాజిట్ చేయమని అప్పీలు కోర్టు ఆదేశించవచ్చు. పరిహారం 6 లక్షలైతే ఇది కనీసం 1,20,000 రూపాయలు. ఇక్కడా 60 రోజులు, ఆపై 30 రోజులు. ఈ షరతు అన్యాయమయ్యే ప్రత్యేక సందర్భాలలో, కారణాలు వ్రాసి మినహాయింపు ఇవ్వవచ్చునని 2023లో సుప్రీంకోర్టు తెలిపింది.

పరిహారం చెల్లించనందుకు విధించిన జైలు అనుభవిస్తే బాకీ తీరిపోతుందని కొందరి భ్రమ. అట్టి జైలు అనుభవించినా పరిహారాన్ని వసూలు చేయవచ్చునని 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఇరువైపులవారికీ ఒక మాట

గడువు అనేది బాకీదారుకు ఊపిరి పీల్చుకొనే వ్యవధి మాత్రమే, ఎగవేతకు త్రోవ కాదు. నిజంగా ఇబ్బందిలో ఉన్నవారు గడువు ముగియక ముందే కారణాలతో కోర్టును ఆశ్రయించాలి. వాయిదాకు హాజరు కాకపోతే వారంటు రావచ్చు. ఇరుపక్షాలూ ఏ దశలోనైనా రాజీ పడేందుకు చట్టం అవకాశమిచ్చింది. ఎంత ముందు రాజీ పడితే అంత తక్కువ ఖర్చు.

చివరగా సోదర సోదరీమణులకు మా విన్నపం. సంతకం చేసిన ఖాళీ చెక్కును ఎవరికీ ఇవ్వవద్దు. స్వచ్ఛందంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కులో అంకెలు ఇతరులు నింపినా, అది బాకీకై ఇచ్చినదనే చట్టం భావిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని చూపవలసిన భారం సంతకం చేసినవారిదే. లాయరు నోటీసు వస్తే బీరువాలో దాచి ఇంట్లోవారికి తెలియకుండా కుమిలిపోవద్దు. ఆ 15 రోజులలో నలుగురూ కూర్చుని సొమ్ము సమకూర్చగలిగితే, కేసు పుట్టనే పుట్టదు.