మన పిల్లల మొదటి బడి ఎక్కడుంది?

ఒకటో తరగతిలోకి ఒకేరోజు ఇద్దరు పిల్లలు వస్తారు. ఒకడు మూడేండ్లు వ్యానెక్కి నంద్యాలకో ఆళ్లగడ్డకో పోయి ఎల్‌కేజీ, యూకేజీ చదివి, ఫీజు మోయలేని అమ్మానాయనల చేత సర్కారు బడికి మళ్ళినోడు. ఇంకొకడు పత్తిచేని గట్టు మీద, అక్క చంకలో పెరిగి నేరుగా వచ్చినోడు. మొదటోడు పలక పట్టుకుంటాడు, పేరు పిలిస్తే పలుకుతాడు. రెండోవాడు ఏడుస్తాడు, మూలకు పోయి కూర్చుంటాడు. నెల తిరక్కముందే ఒకడికి తెలివిగలోడని, ఇంకొకడికి మొద్దని ముద్ర పడుతుంది. ఆ ముద్ర వేసేది పంతుళ్ళే. మాలో పంతుళ్ళం ఉన్నాం గనక ఈ తప్పు ఒప్పుకుంటున్నాం.

ఇద్దరికీ తేడా తెలివిలో లేదు. మూడు నుంచి ఆరేండ్ల దాకా ఒకడికి బడి దొరికింది, ఇంకొకడికి దొరకలేదు. పోగొట్టుకున్న ఆ మూడేండ్లకు లెక్క చెప్పేవాడు లేడు గానీ, మాల మాదిగ పిల్లలకు చదువెక్కదని తీర్పు చెప్పేవాళ్ళు మాత్రం ప్రతి ఊళ్ళో ఉన్నారు.

ఆ మూడేండ్ల కోసం సర్కారు పెట్టిన బడి ఒకటుంది. దాని పేరు అంగన్‌వాడీ. అంగన్ అంటే ముంగిలి. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల ముంగిట్లోకి పోవాలని మహారాష్ట్రలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ పనిచేసి చూపించారు. 1975 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వం 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టింది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విషయాలు చెప్పడం, మూడేండ్లు నిండిన పిల్లలకు బడికి ముందటి చదువు. ఈ ఆరూ దాని పనులు. మన వాడల్లో మొదటిది ఒక్కటే జనానికి తెలుసు. ఆఖరిదాన్ని అడిగేవాళ్ళే లేరు.

అడగకుండా చేసిన చరిత్ర కూడా ఉంది. 1948 నవంబర్ 23న రాజ్యాంగ సభలో ఈ చర్చ వచ్చింది. నిర్బంధ విద్యను ప్రాథమిక విద్యతో సరిపెడదామని ఒక సభ్యుడు సవరణ తెస్తే అంబేడ్కర్ ఒప్పుకోలేదు. పద్నాలుగేండ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదన్నప్పుడు, ఆ వయసు దాకా వాళ్ళు చదువులోనే ఉండాలని వాదించాడు. అట్ల వచ్చిన 45వ అధికరణం పద్నాలుగేండ్లు నిండేదాకా పిల్లలందరికీ పదేండ్లలో ఉచిత విద్య అందించాలంది. పుట్టిన బిడ్డ నుంచీ అందులో ఉన్నట్టే. 1993లో మన రాష్ట్రం నుంచే పోయిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ప్రాథమిక హక్కు అంది. 2002లో పార్లమెంటు 86వ సవరణ చేసి హక్కును ఆరు నుంచి పద్నాలుగేండ్ల వాళ్ళకే కుదించింది. ఆరేండ్ల లోపు పిల్లల విషయంలో ప్రభుత్వం ‘ప్రయత్నిస్తుంది’ అని రాసుకుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వాళ్ళను గడప బయటే నిలబెట్టింది. ఉన్నోడు ఎల్‌కేజీ కొనుక్కుంటాడు. ఈ కోత ఎవరి పిల్లల మీద పడిందో వేరే చెప్పాల్నా?

మన సీమలో ఈ కోత ఆడపిల్ల మీద ఇంకా గట్టిగా పడింది. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగు పనికి చిన్న చేతులు కావాలని ఆడపిల్లల్ని ఏండ్ల తరబడి దించిన సంగతి దేశమంతా తెలుసు. చేనికి పోని అక్క ఇంటికాడ తమ్ముణ్ణి ఎత్తుకుంది. వాడలో అంగన్‌వాడీ సక్రమంగా నడిస్తే చిన్నోడికి బడి దొరకడమే కాదు, పెద్దదానికి బడి తప్పదు. అమ్మకు కూలి తప్పదు. ఒక గది తెరిస్తే ముగ్గురి బతుకు మారుతుంది.

కానీ ఆ గది ఎక్కడుంది? ఊరి నడుమ అద్దె ఇంట్లో ఉంటే మన మూడేండ్ల బిడ్డ అంత దూరం ఎట్ల పోవాల? పోయినా ఆ ఇంటి అరుగు ఎక్కనిస్తారా? మన ఆయా వండితే తినమని బిడ్డల్ని మాన్పించే అయ్యలు ఉన్నారు. పలక పట్టకముందే పిల్లలకు అంటరానితనం నేర్పే బడి మాకొద్దు. మన వాడలో కేంద్రం ఉండాల. ఊరి పిల్లలూ అక్కడికే వచ్చి మన పిల్లల పక్కన కూర్చొని తినాల.

ఇది అడుక్కునేది కాదు. 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఆరేండ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని పేటవాళ్ళు అడిగితే మూడు నెలల్లో పెట్టాల. ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు పెట్టాల. 2013 ఆహార భద్రతా చట్టం మూడు నుంచి ఆరేండ్ల బిడ్డకు పొద్దున చిరుతిండి, వేడి భోజనం హక్కు చేసింది. చట్టం వచ్చినప్పుడు అందులో 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని రాశారు. అది పెట్టకపోతే భత్యం కట్టివ్వాలని అదే చట్టం చెబుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడేండ్ల నుంచే చదువు మొదలని రాసింది.

కాబట్టి కార్యకర్తలకు పని చెబుతున్నాం. ముందు మీ వాడలో ఆరేండ్ల లోపు పిల్లల పేర్లు, వయసులు రాయండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. సీడీపీవోకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం నంద్యాల కలెక్టరాఫీసులో ఇంకో కాపీ ఇవ్వండి. రసీదు మీది తేదీ నుంచి మూడు నెలలు లెక్కపెట్టండి. కేంద్రం ఇప్పటికే ఉంటే తల్లులు నలుగురు పోయి ఒక పూట కూర్చోండి. పాట, కథ, లెక్క, ఆట జరుగుతున్నాయా? బిడ్డను తూకం వేస్తున్నారా? మన బిడ్డను వేరుగా కూర్చోబెడుతున్నారా? చూసింది రాసి పంపండి.

ఒక్క మాట. టీచరమ్మ మీదికి కొట్లాటకు పోవద్దు. ఆమెకు చదువు చెప్పే పనితోపాటు రిజిస్టర్లు, సెల్‌ఫోన్ లెక్కలు, సర్వేలు మెడకు కట్టారు. 2023 డిసెంబర్ 12 నుంచి మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. అడిగినందుకు ఎస్మా ప్రయోగించారు. ఆయాల్లో మన ఆడోళ్ళూ ఉన్నారు. వాళ్ళ జీతం, మన పిల్లల చదువు ఒకే కొట్లాట.

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది. బడి మాత్రం మన ముంగిట్లోకి ఇంకా రావాల. ఈసారి అడిగేటప్పుడు గుడ్డు, పాలతో ఆగొద్దు. పలక కూడా అడుగుదాం.

జై భీమ్!