గోడ పక్కన నిలబడ్డవాళ్ల తరఫున

డిసెంబర్ రెండో వారం వచ్చేసరికి మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద మూడు ఆహ్వానాలు చేరతాయి. ఒకటి ఆఫీసువాళ్ల హాలిడే పార్టీ. రెండోది పిల్లల స్నేహితుల ఇంట్లో క్రిస్మస్ విందు. మూడోది మన తెలుగువాళ్ల పాట్‌లక్. అందులో పులిహోర మా వంతు. మా ఇద్దరిలో ఒకరికి ఈ మూడూ పండగే. రెండోవారికి మాత్రం తేదీ దగ్గరపడేకొద్దీ కడుపులో తిప్పినట్టుంటుంది. కాస్త జ్వరం వస్తే బాగుణ్ను, మంచు బాగా కురిసి రోడ్లు మూసేస్తే బాగుణ్ను అని లోలోపల మొక్కుకోవడం కూడా జరుగుతుంటుంది. ఆ రెండోవారు ఎవరన్నది ఇక్కడ చెప్పం. చెబితే వచ్చే పార్టీలో అందరూ వచ్చి అదే అడుగుతారు!

న్యూజెర్సీ వచ్చి పదిహేడేళ్లయింది. ఈ భయం ఇంగ్లీషు రాక కాదండీ. ఆఫీసు మీటింగులో గంటసేపు గడగడా మాట్లాడగలం. అక్కడ ఏం మాట్లాడాలో ముందే రాసి ఉంటుంది, ఎప్పుడు ఆపాలో కూడా తెలుసు. కానీ చేతిలో ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుని, ముగ్గురు నిలబడి నవ్వుకుంటున్న చోటికి నాలుగోవారిగా వెళ్లి కలవాలంటే... అబ్బో! అందులోనూ 2020 తర్వాత కొత్తగా ఇంకో తంటా వచ్చిపడింది. ఏళ్ల తరబడి కంప్యూటర్ తెరమీద చిన్న గడిలో చూసిన మనిషి పార్టీలో ఆరడుగుల ఎత్తున ఎదురైతే, బాగా తెలిసినట్టు పలకరించాలో కొత్తగా పరిచయం చేసుకోవాలో తేలదు.

అలాంటప్పుడు ఏం చేస్తామో ఈ బాధ ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చీజ్ ముక్కల బల్ల దగ్గరికి నాలుగుసార్లు వెళ్లడం, ఫోన్‌లో రాని మెసేజీని శ్రద్ధగా చదవడం, గోడమీది బొమ్మను ఆర్ట్ మ్యూజియంలో చూసినట్టు చూడడం, బాత్‌రూంలో పది నిమిషాలు గడపడం. ఈ విద్యలన్నీ మా ఇంట్లో ఒకరికి కంఠోపాఠం.

దీన్ని మన భాషలో బిడియం అంటాం, మొహమాటం అంటాం. చిన్నప్పుడు అవి మంచి గుణాలే. ‘పిల్ల బుద్ధిమంతురాలు, నోట్లో నాలుక లేదు’ అని మెచ్చుకునేవాళ్లు. అదే మనిషికి నలభై ఏళ్లొచ్చి, అమెరికాలో ఇల్లు కొన్నాక, ఆ బిడియానికే పేరు మారిపోతుంది. ఒక వనభోజనాలయ్యాక పార్కింగ్ లాట్‌లో మా చెవులతో మేమే విన్నాం: “పలకరిస్తే సరిగ్గా పలకరు, గ్రీన్‌కార్డు వచ్చింది కదా, పొగరు.” ఆ మాట మా ఇద్దరిలో ఒకరి గురించే. ఆ ముందు రాత్రి ఎవరితో ఏం మాట్లాడాలా అని నిద్రపోని మనిషి గురించి!

భయం మరీ ముదిరితే అది జబ్బేనని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే రోగనిర్ధారణ గ్రంథంలో ‘సోషల్ ఫోబియా’ పేరుతో 1980లోనే దానికి చోటు దొరికింది. ఇప్పుడు సోషల్ యాంగ్జైటీ అంటున్నారు. పార్టీలో గుండె దడదడలాడిన ప్రతివాళ్లకీ జబ్బున్నట్టు కాదు. కానీ ప్రమోషన్ వదులుకునేదాకా, పెళ్లిళ్లకు ఎగ్గొట్టేదాకా వస్తే మాత్రం డాక్టరును కలవాల్సిందే. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్స దీనికి బాగా పనిచేస్తుంది. మీ ఆఫీసు ఇన్సూరెన్సులో వస్తుందేమో ఓసారి కనుక్కోండి. మోకాలి నొప్పికి వెళ్లినట్టే దీనికీ వెళ్లొచ్చు. అందరిముందూ ధైర్యం రావాలని రెండు గ్లాసులు ఎక్కువ పుచ్చుకోవడం మాత్రం మందు కాదు. ఆ అలవాటు ఎక్కడికి తీసుకెళుతుందో మనందరికీ తెలిసిందే.

ఆ చికిత్సకు దారి వేసిన వాళ్లలో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అని ఇద్దరున్నారు. 1995లో వాళ్లు చెప్పింది చదివినప్పుడు మా ఇంట్లో ఒకరు “ఇది నేనే” అన్నారు. ఇలాంటి భయం ఉన్న మనిషి ఎదుటివాళ్ల మాట వినడు, తననే చూసుకుంటూ ఉంటాడట. నా గొంతు వణుకుతోందా, చెయ్యి ఎక్కడ పెట్టాలి, ఇప్పుడన్నది తిక్కగా ఉందా... ఈ గోలలో ఎదుటివాళ్ల పేరే చెవికెక్కదు. ఐదు నిమిషాల తర్వాత ‘మీ పేరేమన్నారు?’ అని అడగలేక అక్కణ్నుంచి జారుకోవాల్సి వస్తుంది. నిజానికి మనల్ని అంతగా చూసేవాళ్లెవరూ ఉండరు. 2000లో అచ్చయిన ఒక అధ్యయనంలో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఓ విద్యార్థికి పాతకాలం గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, నలుగురు కూర్చున్న గదిలోకి పంపేవారు. ఆ బొమ్మను దాదాపు సగంమంది గమనించి ఉంటారని సిగ్గుతో చచ్చిపోయారు విద్యార్థులు. గమనించింది పావు వంతు మందే! అలాగే కొత్తవాళ్లతో మాట్లాడి వచ్చాక ‘నేను వాళ్లకు నచ్చి ఉండను’ అని మనం అనుకునేదానికంటే, నిజానికి ఎక్కువే నచ్చుతామని 2018లో ఇంకో బృందం చూపించింది.

ఇదంతా లోపలి సంగతి. మా అసలు ఫిర్యాదు బయటివాళ్ల మీద, అంటే మనందరి మీద.

మనవాళ్లకు అమెరికన్ల పిచ్చాపాటీ అంటే చులకన. “ఏముందండీ వాళ్ల మాటల్లో? చలెక్కువగా ఉంది, ట్రాఫిక్ ఎక్కువగా ఉంది, జెయింట్స్ మళ్లీ ఓడిపోయారు. పస లేదు.” మేమూ చాలా ఏళ్లు ఇలాగే అనుకున్నాం. కానీ ఆ పస లేకపోవడంలోనే ఉంది మంచితనమంతా. చలి గురించి మాట్లాడితే ఎవరూ ఓడిపోరు. అందులో జీతం లేదు, వీసా లేదు, హోదా లేదు. భయపడే మనిషి కూడా “అవునండీ, పొద్దున కారు మీద మంచు గీకేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి” అని, నలుగురిలో ఒకడిగా నిలబడొచ్చు. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లోనే ఈ మాట చెప్పాడు. మనుషులు చాలాసార్లు సమాచారం చెప్పుకోవడానికి మాట్లాడరట, ఒకరికొకరు తోడున్నామని తెలుపుకోవడానికి మాట్లాడతారట.

అంతెందుకు, ఈ సంగతి మన అమ్మమ్మలకు తెలీదా? ఊళ్లో గుమ్మం ముందునుంచి వెళ్తున్న మనిషిని “ఏం కూర వండావే?” అని అడిగితే, ఆ అడిగినావిడకు ఆ కూరతో పనేంటి? “వంకాయ, అక్కా” అని ఈవిడ చెబుతుంది, “లేతవి దొరికాయా?” అని ఆవిడ అంటుంది. అంతే. ఇద్దరికీ కడుపు నిండుతుంది. “భోంచేశారా?”, “మీ వైపు వానలు పడ్డాయా?” ఇవీ అంతే. జవాబు ఏదైనా ఎవరి పరువూ పోని ప్రశ్నలు. విమానం ఎక్కేటప్పుడు ఆవకాయ జాడీలు తెచ్చుకున్నాం గానీ, ఈ ప్రశ్నల్ని అక్కడే వదిలేసి వచ్చాం.

వాటి బదులు ఇక్కడ మనం వేసుకునే ప్రశ్నలు ఎలా ఉంటాయో చూడండి. హెచ్‌వన్నా, గ్రీన్‌కార్డా? ప్రయారిటీ డేట్ ఎంత? ఇల్లు సొంతమా? ఏ స్కూల్ డిస్ట్రిక్ట్? బాబుకి ఎస్‌ఏటీ ఎంతొచ్చింది? పిల్లలింకా లేరా? ఇది పిచ్చాపాటీయా, ఇంటర్వ్యూనా? ప్రతి ప్రశ్నా ఒక తక్కెడ. బిడియస్తుడు ఆ పళ్లెంలో కూర్చోలేక గోడ పక్కకు పోతాడు.

అమెరికన్లేమీ తక్కువ తినలేదు. వాళ్లు మొదట అడిగే ‘మీరేం చేస్తుంటారు?’ అన్న ప్రశ్న ఎంతమంది హెచ్4 ఇల్లాళ్లను ఏడిపించిందో! ఎమ్మెస్సీ చదివి, ఊళ్లో లెక్చరర్ ఉద్యోగం వదిలి వచ్చినావిడ, భర్త ఆఫీసు పార్టీలో ‘ఏమీ చెయ్యడం లేదు’ అని చెప్పుకోవాలి. 2015లో వాళ్లలో కొందరికి, అంటే భర్తదో భార్యదో గ్రీన్‌కార్డు పని కొంతదూరం నడిచినవాళ్లకి, ఉద్యోగానికి అనుమతి ఇచ్చారు. మిగతావాళ్లకు ఆ ప్రశ్న ఇప్పటికీ ముల్లే.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది చెప్పుకోవడానికి మాకే సిగ్గుగా ఉంది. 2023 జనవరిలో, టెక్ కంపెనీలు వేలమందిని తీసేస్తున్న రోజుల్లో, ఒక స్నేహితుల ఇంట్లో సంక్రాంతి విందు జరిగింది. అక్కడికి మాకు తెలిసిన ఒకాయన వచ్చారు. అసలే నెమ్మదస్తుడు. ప్లేటు పట్టుకుని బేస్‌మెంట్‌లో పిల్లలాడుకుంటున్న చోట కూర్చున్నారు. మా ఇద్దరిలో మాటకారి అయిన వ్యక్తి వెళ్లి, కలుపుకుపోదామన్న సదుద్దేశంతోనే, “ఏంటండీ ఇక్కడ కూర్చున్నారు? ఉద్యోగం ఎలా ఉంది? మీ కంపెనీలో ఏమీ భయం లేదుగా?” అని పదిమందీ వినేలా అడిగేశారు. ఆయన “పర్లేదండీ” అన్నారు. పావుగంటలో వెళ్లిపోయారు. అప్పటికి ఉద్యోగం పోయి మూడు వారాలైందని మాకు తర్వాత తెలిసింది. హెచ్‌వన్ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మామూలుగా ఇచ్చే గడువు అరవై రోజులే. ఆ అరవైలో ఒక సాయంత్రం మనుషుల మధ్య గడుపుదామని వచ్చారాయన. మార్చిలో కుటుంబంతో ఇండియా వెళ్లిపోయారు. ఆ ప్రశ్న అడక్కపోతే ఉద్యోగం దొరికేదని కాదు. కానీ ఆ గదిలో ఉన్నవాళ్లలో ఇద్దరు ఆ నెలలో మనుషుల్ని తీసుకుంటున్న కంపెనీల్లోనే పనిచేస్తున్నారు. ఇంకో గంట కూర్చుని, వంకాయ కూర గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ, ఆయనే చెప్పేవారేమో!

అందుకే విందు ఇచ్చేవాళ్లకు మా విన్నపం. వచ్చినవాళ్లను పరిచయం చేసేటప్పుడు కంపెనీ పేరు, హోదా పక్కన పెట్టండి. “ఈయన పెరట్లో దోసకాయలు పండిస్తారు, పోయినేడు మాకూ ఇచ్చారు” అనండి, చాలు. మాటకు దారి దొరుకుతుంది. ఒంటరిగా నిలబడ్డవాళ్లను పదిమంది ముందూ పేరుపెట్టి లాగకండి. ఏదైనా పని చెప్పండి. మా ఇంట్లో ఒకరు వడ్డన గరిటె చేతిలో ఉంటే ఎంతమందితోనైనా మాట్లాడతారు. “ఇంకొంచెం వెయ్యనా?” అన్నది కూడా సంభాషణేగా!

గోడ పక్కన నిలబడే మనవాళ్లకూ రెండు మాటలు. ఆలస్యంగా వెళ్తే భయం తగ్గదు, పెరుగుతుంది. అప్పటికే గుంపులు కట్టి ఉంటారు. నలుగురున్నప్పుడే వెళ్లిపోండి, తర్వాత వచ్చేవాళ్లే మన దగ్గరికి వస్తారు. మాట్లాడడం రాకపోతే అడగడం నేర్చుకోవచ్చు. ఎదుటివాళ్లు చెప్పినదాంట్లోంచే ఒక ముక్క పట్టుకుని ఇంకో ప్రశ్న వెయ్యండి. అలా అడిగేవాళ్లంటే జనానికి ఇష్టమని హార్వర్డ్‌వాళ్లు 2017లో తేల్చారు. గంటసేపు ఉంటామని ఇంట్లోనే అనుకుని వెళ్లండి. గంటయ్యాక లేచి వచ్చినా తప్పు లేదు. కాకపోతే మన ఇళ్లలో వెళ్లొస్తామన్నాక అసలు కబుర్లు మొదలవుతాయి. మా అనుభవంలో బిడియస్తులు బాగా మాట్లాడేది అక్కడే, గుమ్మం దగ్గర, చెప్పులు వెతుక్కుంటూ. ఎలాగూ వెళ్లిపోతున్నామన్న ధైర్యం కాబోలు!

ఈ శనివారం పాట్‌లక్ ఉంది. మా రెండోవారు అరగంట ముందే వెళ్లి కుర్చీలు వేస్తామని ఒప్పుకున్నారు. పులిహోర గిన్నె వెనక నిలబడేదీ తామేనట. మీలో ఎవరైనా అటు వస్తే ఉద్యోగం ఊసెత్తకండి. చింతపండుదా, నిమ్మకాయదా అని అడగండి. దాని గురించి చెప్పడానికి చాలా ఉంది.