మాన్యం లేని సత్రం

పనీపాటా లేకుండా తిరిగే కుర్రాణ్ని మా ఇళ్లలో పెద్దవాళ్లు ఒక్క మాటతో కడిగేసేవాళ్లు. 'వాడికేం... సత్రం భోజనం, మఠం నిద్ర' అని. తిట్టే అనుకోండి. కానీ ఆ తిట్టులో ఓ ధీమా ఉంది, ఎప్పుడైనా గమనించారా? ఎవరూ లేనివాడికి కూడా తినడానికి ఓ సత్రం, పడుకోవడానికి ఓ మఠం ఊళ్లో ఉంటాయన్న ధీమా. అవి లేనిచోట వీధి అరుగు ఉండేది. చీకటి పడ్డాక పొరుగూరి మనిషి వచ్చి తువ్వాలు పరుచుకుంటే 'ఎవరు బాబూ' అని అడిగేవాళ్లే గానీ, లేచి పొమ్మనేవాళ్లు తక్కువ.

పాతకాలాన్ని పొగిడే ఉద్దేశం నాకు లేదు. కులం అడిగి విస్తరి వేసిన సత్రాలూ, గడప తొక్కనివ్వని సత్రాలూ మన చరిత్రలోనే ఉన్నాయి. అయినా ఒక్క తెలివి మాత్రం ఆ దాతలకుంది. సత్రం కట్టించి ఊరుకునేవారు కాదు, దానికి మాన్యం రాసేవారు. ఆ పొలం పంటతో బియ్యం వచ్చేవి, దీపానికి నూనె వచ్చేది, ఊడ్చే మనిషికి కూలి ముట్టేది, కారే పైకప్పుకి పెంకు పడేది. గోడలు ఒకసారి కడితే సరిపోతుంది. దీపంలో నూనె మాత్రం రోజూ పోయాలి కదా!

ఈ మాన్యం సంగతి నాకు ఓ చలికాలం రాత్రి గుర్తొచ్చింది. ఒక పెళ్లికని ఓ ఊరు వెళ్లాను. పేరు చెప్పను, చెబితే ఆ ఊరివాళ్లు నొచ్చుకుంటారు. పైగా మీ ఊరికీ ఆ ఊరికీ తేడా ఉండకపోవచ్చు. బస్సు దిగేసరికి పదకొండు దాటింది. బస్టాండు నుంచి చుట్టాలింటికి నడుస్తుంటే మూసిన షాపుల మెట్ల మీద వరసగా మనుషులు. గోనెపట్టాలు, ఫ్లెక్సీలు కప్పుకుని ముడుచుకున్నారు. ఒకాయన బీడీ వెలిగించుకుంటూ కూర్చుని ఉన్నాడు. మాట కలిపాను. కూరగాయల మార్కెట్లో హమాలీ.

"మున్సిపాలిటీవాళ్ల బస ఏదో ఉందటగా, అక్కడ పడుకోవచ్చుగా" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

"ఉన్నది సారూ. ఊరవతల ఉన్నది. తెల్లారుజామున మూడింటికి లారీ వస్తది. నేను ఆడ పండుకుంటే ఈడ లోడు ఇంకొకడు దింపుకుంటడు" అన్నాడు.

పొద్దున్నే ఆటో ఎక్కి ఆ ఊరవతలికి వెళ్లి చూశాను. ముహూర్తం పదింటికి లెండి. వాటర్ ట్యాంకు పక్కన చక్కటి భవనం. గోడకి పెద్ద శిలాఫలకం, దాని మీద ప్రారంభించినవారి పేర్లు, హోదాలు. లోపల యాభై మంచాలు. రిజిస్టర్లో ఆ రాత్రి పడుకున్నవాళ్లు పదకొండు మంది. మూడు షిఫ్టులకు ముగ్గురు ఉండాల్సిన చోట ఒకే ఒక్క కేర్‌టేకరు. స్నానాల గదుల్లో చుక్క నీళ్లు లేవు.

"మోటారు కాలి రెండు నెలలైంది సార్. ఫైలు తిరుగుతోంది" అన్నాడతను.

"మరి నీ జీతం?"

"అదీ ఫైల్లోనే ఉంది సార్."

నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు.

ఇలాంటి భవనాలు ఊళ్లలోకి ఎలా వచ్చాయో చాలామందికి తెలియదు. దయతో వచ్చినవి కావు, కోర్టు తెప్పించినవి. 2009 డిసెంబరులో, ఎముకలు కొరికే చలిలో, ఢిల్లీ నగరపాలక సంస్థ ఒక తాత్కాలిక రాత్రి బసను కూల్చేసింది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ 2010 జనవరిలో ఆ సంగతి కోర్టు దృష్టికి తెచ్చారు. కోర్టు ముందు ఢిల్లీ ప్రభుత్వాన్ని కదిలించింది. తర్వాత అన్ని రాష్ట్రాలకూ అదే మాట చెప్పింది. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి వందమంది చొప్పున తలదాచుకునే బసలు ఉండాలి, రాత్రీ పగలూ తెరిచి ఉంచాలి. ఇదీ లెక్క. 2011 జనగణన ప్రకారం హైదరాబాద్ మహానగరపాలక పరిధిలో 67 లక్షల పైచిలుకు జనం. అంటే 6,700 మందికి చోటుండాలి.

కేంద్రం 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మొదలుపెట్టి, అందులో నిరాశ్రయుల వసతి గృహాలను చేర్చింది. మన దగ్గర ఆ మిషన్ పనులు చూసింది మెప్మా. కట్టడానికయ్యే ఖర్చులో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం భరించాలన్నారు. తర్వాత అది 60, 40 అయింది. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఇవ్వాలన్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. స్థలం మాత్రం రాష్ట్రమో, పురపాలక సంఘమో చూపించాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఊరి నడిబొడ్డున మున్సిపాలిటీకి ఖాళీ జాగా దొరికితే షాపింగ్ కాంప్లెక్సు కడుతుంది గానీ, దిక్కులేనివాళ్లకు గది కడుతుందా? అందుకే బస ఊరవతలికీ, హమాలీ షాపు మెట్ల మీదికీ వెళ్లాల్సి వచ్చింది.

రెండో చిక్కు దీపంలో నూనెది. యాభైమంది ఉండే గృహం నడపడానికి ఆ పథకంలో ఏడాదికి 6 లక్షల రూపాయలు పెట్టారు. అంటే నెలకు 50 వేలు. మనిషికి నెలకు వెయ్యి. రాత్రికి 33 రూపాయలు! ఇవాళ హోటల్లో ప్లేటు ఇడ్లీ ఆ డబ్బుకి వస్తుందో రాదో. అందులోనే కేర్‌టేకర్ల జీతాలు, కరెంటు బిల్లు, నీళ్లు, దుప్పట్లు ఉతికించడం, కాలిన మోటారు. అది కూడా అయిదేళ్లకే. ఆ తర్వాత స్థానిక సంస్థ ఎలాగో నెట్టుకు రావాలి.

ఆ ఇచ్చిన డబ్బయినా సరిగ్గా ఖర్చయిందా? 2016 నవంబరులో సుప్రీంకోర్టు ఈ విషయం మళ్లీ చేతికి తీసుకుంది. నిధులున్నా నిరాశ్రయులకు నీడ దొరకడం లేదని గుర్తించి, ఢిల్లీ హైకోర్టు మాజీ న్యాయమూర్తి కైలాశ్ గంభీర్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2018 జనవరిలో ఉత్తరప్రదేశ్ వ్యవహారం విచారిస్తూ, ఇల్లే లేనివాడికి ఆధార్ ఎలా వస్తుందని అడిగింది. చదువు రానివాడికి కూడా తట్టే ప్రశ్న అది. కార్డు అడిగే పెద్దలకే తట్టలేదు.

చివరికి ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. పథకాలకు గడువు సహజం. ఒకటి పోతే మరో పేరుతో మరొకటి వస్తుంది. ఒక పథకం ముగిసి ఇంకోటి అందేలోపు మాత్రం రాత్రులు ఆగవు. చలికాలం ఫైలు కోసం వేచి ఉండదు.

'మున్సిపాలిటీ తన డబ్బుతోనే నడపొచ్చుగా' అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. రాజ్యాంగం ఏమందో చూద్దామని 74వ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలు తీశాను. పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ పనులు అందులో 18 ఉన్నాయి. నీళ్లు, రోడ్లు, వీధిదీపాలు, పార్కులు, శ్మశానాలు... పదిహేనో అంశంగా బందెలదొడ్లు కూడా ఉన్నాయి. రోడ్డున పడ్డ పశువుకి చోటుంది. పోయిన మనిషికి చోటుంది. బతికుండి రోడ్డు మీద పడుకున్న మనిషి పేరు మాత్రం విడిగా లేదు. 'పట్టణ పేదరిక నిర్మూలన' అన్న పెద్ద మాట వెనకాల ఎక్కడో సర్దుకోవాలి.

అలాగని ఆ మనుషులు కనబడరని కాదు. అతిథులు వచ్చినప్పుడు చక్కగా కనబడతారు. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకి ముందు హైదరాబాద్‌లో యాచనని రెండు నెలలు నిషేధించి, రోడ్ల మీది వాళ్లను జైళ్ల ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. అతిథి వచ్చే వేళకి మంచాలూ దొరికాయి, దుప్పట్లూ దొరికాయి. మనసు పెడితే దొరుకుతాయన్నమాట.

'ఊరికే చోటిస్తే సోమరులైపోతారండీ' అనేవాళ్లు ఉంటారు. ఒక్కసారి తెల్లవారుజామున బయటికి రండి. షాపు మెట్ల మీద పడుకునేది ఎవరో చూడండి. హమాలీలు, రిక్షా తొక్కేవాళ్లు, చెత్త ఏరేవాళ్లు, పెళ్లిళ్లలో విస్తళ్లు తీసేవాళ్లు, టిఫిన్ సెంటర్లో గిన్నెలు తోమేవాళ్లు, పిల్లలు గెంటేసిన ముసలివాళ్లు, మొగుడి దెబ్బలకు తాళలేక బయటపడ్డ ఆడవాళ్లు, మతి చెడి దారి తప్పినవాళ్లు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణన సిబ్బంది రోడ్ల పక్కన, ఫ్లైఓవర్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, సిమెంటు పైపుల్లో తలలు లెక్కపెట్టారు. దేశం మొత్తంమీద 17 లక్షల 73 వేల మంది తేలారు. అందులో 9 లక్షల 38 వేల మంది పట్టణాల్లోనే. ఒక్క రాత్రిలో, టార్చిలైటు వెలుగులో, కంటబడ్డవాళ్ల లెక్క ఇది.

విదేశాల్లో ఈ బాధ లేదనుకుంటాం. బ్రిటన్‌లో 1977లోనే చట్టం తెచ్చారు. అర్హులైన నిరాశ్రయులకు నీడ చూపడం స్థానిక కౌన్సిల్ బాధ్యత. దయ కాదు, విధి. అయినా అక్కడా ఇదే మాన్యం గొడవ. తాత్కాలిక బసకయ్యే అద్దెలో ప్రభుత్వం కౌన్సిళ్లకు తిరిగి చెల్లించే సొమ్మును 2011 నాటి అద్దె రేట్ల దగ్గరే ఆపేసింది. 2024 నాటికి కూడా అదే లెక్క. అద్దెలు ఆగవు కదా! తక్కువపడ్డది కౌన్సిళ్లు సొంత ఖజానాలోంచి పెట్టుకోవాలి. 2023-24లో ఇంగ్లండ్ కౌన్సిళ్లు తాత్కాలిక బసలకే సుమారు 230 కోట్ల పౌండ్లు ఖర్చుపెట్టాయి. చట్టం ఉండి చాలినన్ని డబ్బులు లేకపోతే అలా ఉంటుంది. మన దగ్గర కోర్టు ఉత్తర్వుంది, భవనముంది, నడిపే డబ్బుకే గడువుంది.

ఇంతకీ ఆ డబ్బు ఎంత? నాకు లెక్కలు పెద్దగా రావు గానీ, ఇది నోటి లెక్కే. లక్ష జనాభా ఉన్న ఊళ్లో వందమందికి బస. యాభైమందికి 6 లక్షలైతే, వందమందికి ఏడాదికి 12 లక్షలు. లక్షమంది ఊరు, 12 లక్షల ఖర్చు. తలకి ఏడాదికి 12 రూపాయలు. అంటే నెలకు ఒక్క రూపాయి! ధరలు పెరిగాయి, రెట్టింపు చేద్దాం. రెండు రూపాయలు. పోనీ, మూడు రెట్లు చేసి కేర్‌టేకర్లకు గౌరవంగా బతికే జీతం ఇద్దాం. మూడు రూపాయలు.

మూడు రూపాయలకు కొత్త పన్ను వేయమనడం లేదు. ప్రతి పురపాలక సంఘం తన బడ్జెట్‌లో ఈ పనికి పేరుపెట్టి ఒక సొంత పద్దు రాసుకోవాలి. వీధిదీపాలకు ఉన్నట్టు, చెత్తబండ్లకు ఉన్నట్టు. పైనుంచి పథకం వస్తే సంతోషం, ఆ డబ్బు దాంట్లో కలుస్తుంది. రాకపోయినా దీపం ఆరదు. మాన్యం అంటే అదే. ఇంకోటి, బసను మార్కెట్‌కీ ఆసుపత్రికీ బస్టాండుకీ దగ్గర్లో పెట్టాలి. పెద్ద భవనమే అక్కర్లేదు. వాడకుండా పడి ఉన్న మున్సిపాలిటీ గదులు నాలుగు చాలు.

వాళ్లకు ఓటుండదనీ, అందుకే ఎవరికీ పట్టదనీ అంటారు. అదీ పూర్తిగా నిజం కాదు. ఎన్నికల సంఘం నిబంధనల్లో నిరాశ్రయుడికీ ఓటుంది. ఇంటి కాగితం అక్కర్లేదు. బూత్ అధికారి రాత్రిపూట వచ్చి, చెప్పిన చోట ఆ మనిషి నిజంగా పడుకుంటున్నాడో లేదో చూసుకుని పేరు రాసుకోవచ్చు. ఎంతమంది అధికారులు ఆ రాత్రి నడక నడిచారో మాత్రం వేరే సంగతి. అంతవరకూ వాళ్ల తరఫున అడగాల్సింది ఓటున్న మనమే. ఈసారి ఆస్తి పన్ను కట్టడానికి వెళ్లినప్పుడో, మీ కౌన్సిలర్ ఎదురుపడినప్పుడో ఒక్క ప్రశ్న వేయండి. 'మనూళ్లో బస ఉందా? దాని తలుపు రాత్రి తెరిచి ఉంటోందా? అక్కడి మనిషికి జీతం అందుతోందా?' మూడు ప్రశ్నలయ్యాయి. ఫర్వాలేదు, మూడూ అడగండి.

ఆ రోజు పెళ్లిలో భోజనాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. గుత్తివంకాయ, టమాటా పప్పు, దొండకాయ వేపుడు. పక్కనున్నాయన 'కూరగాయలు ఎంత తాజాగా ఉన్నాయో చూశారా' అన్నాడు. తాజాగానే ఉంటాయి మరి. తెల్లవారుజామున మూడింటికి దిగినవి కదా.