చిన్న ట్రాక్టర్‌కు పెద్ద గడ్డి లోడు

యాసంగి కోతలు అయ్యాయంటే మా మిర్యాలగూడ దిక్కు ఏ మడిలో చూసినా గడ్డి కట్టలే. కోత మిషన్లు వచ్చిన కొత్తలో గడ్డి చెల్లాచెదురుగా పడేది. ఏరడానికి కూలీలు దొరక్క చాలామందిమి అగ్గి పెట్టినోళ్లమే. ఇప్పుడు కట్టలు చుట్టే మిషన్ వచ్చింది. పొలం కాలడం లేదు, బర్రెలకు మేత మిగులుతోంది, ఎక్కువైతే నాలుగు పైసలకు అమ్ముకుంటున్నాం. ఇది మంచి మార్పే.

అయితే మిషన్ ఆయన పెద్ద ట్రాక్టర్‌తో వచ్చి, కట్టలు చుట్టి, మడిలోనే వదిలి పోతాడు. వాటిని గడ్డివాము కాడికి చేర్చుకోవడం మన పని. రెండు మూడెకరాల రైతు దగ్గర ఉండేది చిన్న ట్రాక్టర్. పత్తిలో, తోటలో దున్నుకోవడానికి కొన్నది. దానికే ట్రాలీ తగిలించి కొండంత లోడు వేస్తున్నాం. ప్రాణాల మీదికి వస్తున్నది ఇక్కడే.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. రెండేళ్ల కింద మా మేనల్లుడు, నేను కలిసి కట్టలు ఎత్తుతున్నాం. పక్క రైతు దగ్గర పెద్ద ట్రాలీ అడిగి తెచ్చి మా చిన్న ట్రాక్టర్‌కు తగిలించాం. సగం నిండినాక చాలంటే, "మళ్లీ ఇంకో ట్రిప్పు ఎందుకు మామా, పొద్దు గూకుతుంది, ఒక్కసారికే వేసుకుపోదాం" అన్నాడు. నేనూ సరేనన్నాను. ట్రాక్టర్ బాగానే లాగింది. కాలువ కట్ట ఎక్కింది కూడా. దిగేటప్పుడు వెనుక లోడు నెట్టుకొచ్చింది. వాడు బ్రేకు తొక్కాడు. పొద్దున దున్నకంలో మలుపుల కోసం రెండు బ్రేకు పెడళ్లను విడదీసిన సంగతి ఇద్దరం మరిచాం. ఒక్క చక్రానికే బ్రేకు పడి ట్రాక్టర్ అడ్డం తిరిగి బోల్తా పడింది. వాడి కుడికాలు మోకాలి కింద తీసేశారు. వాడికి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఊరంతా "స్పీడుగా పోయి ఉంటాడు" అన్నారు. స్పీడు లేదు. లెక్క తప్పింది. ఒక్కో కట్ట ఇరవై కిలోలు అనుకోండి. 150 కట్టలంటే 3,000 కిలోలు. ట్రాలీ బరువు ఇంకో టన్ను. చిన్న ట్రాక్టర్ బరువు అటు ఇటుగా ఒక టన్నే. అంటే తనకు నాలుగింతల బరువును అది కట్ట మీద నుంచి దించాలి. మన ట్రాలీల్లో ఎక్కువ వాటికి బ్రేకులే ఉండవు. మొత్తం బరువును ఆపేది ట్రాక్టర్ వెనుక చక్రాలు రెండే. మంచుకో వానకో తడిసిన గడ్డి అయితే బరువు ఇంకా పెరుగుతుంది.

షాపులో బండి అమ్మేటప్పుడు ఎంత లాగుతుందో చెప్పారు. ఎంత బరువును ఆపగలదో చెప్పలేదు, మేమూ అడగలేదు.

కాబట్టి మన చేతిలో ఉన్నవి ముందు చేసుకుందాం. చిన్న ట్రాక్టర్‌కు చిన్న ట్రాలీనే తగిలించండి, అదీ సగం లోడుతో. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లను కలిపి లాక్ చేయండి. ట్రాలీని కింది హుక్కుకే తగిలించండి. పైన ఎక్కడన్నా కడితే ఎక్కుడులో ముందు చక్రాలు లేస్తాయి. ఏ గేరులో కట్ట ఎక్కుతారో అదే గేరులో దిగండి, దిగేటప్పుడు క్లచ్ తొక్కొద్దు, న్యూట్రల్ చేయొద్దు. గుండ్రటి కట్టలు దొర్లుతాయి, మోకు వేసి బిగించండి. లోడు మీద మనిషిని కూర్చోబెట్టొద్దు. పైన వేలాడే కరెంటు తీగలు చూసుకోండి. ఒక ట్రిప్పు డీజిల్ మిగిలించుకోబోయి మేం ఆసుపత్రిలో లక్షలు పోశాం.

తప్పంతా రైతు మీద వేసి ఊరుకుంటే కూడా న్యాయం కాదు. 2014-15 నుంచి కేంద్ర యాంత్రీకరణ పథకం కింద యంత్రాలకు సబ్సిడీ ఇస్తున్నారు. కట్టలు చుట్టే మిషన్‌కు సబ్సిడీ ఉన్నప్పుడు, ఆ కట్టలను భద్రంగా ఇల్లు చేర్చే బ్రేకుల ట్రాలీకి ఎందుకు ఉండకూడదు? యంత్రాలు కిరాయికిచ్చే ప్రతి కేంద్రంలో అలాంటి ట్రాలీ, దానికి తగిన పెద్ద ట్రాక్టర్ చిన్న రైతుకు అందే కిరాయికి దొరకాలి. పొలాల మీద వేలాడే తీగలను కోతలకు ముందే బిగించాలి.

ఇంకొకటి బీమా. మన రాష్ట్రంలో 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమాలో 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. కాలు పోయి బతికినవాడికి అందులో ఏమీ రాదు. చచ్చిన రైతుకు విలువ కట్టిన ప్రభుత్వం, కుంటుకుంటూ బతికే రైతును కూడా లెక్కలోకి తీసుకోవాలని సంఘం గట్టిగా అడగాలి. అంతవరకు బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టుకోండి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు వర్తిస్తుంది. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, ఒక కాలో చెయ్యో పోతే లక్ష వస్తుంది. మా వాడికి బ్యాంకు ఖాతా ఉంది, ఈ బీమా మాత్రం లేదు. 20 రూపాయల కాడ లక్ష పోగొట్టుకున్నాం.

వానాకాలం కోతలకు ముందే ప్రతి గ్రామ కమిటీ ఒక పూట కూర్చుని ఈ సంగతులు మాట్లాడాలి. ఊళ్లో ట్రాక్టర్ నడిపే పిల్లలను తప్పకుండా పిలవండి. మా మేనల్లుడు వస్తానన్నాడు. నాకంటే వాడు చెబితేనే వాళ్లు వింటారు.