హాబీకి కూడా డాష్‌బోర్డా?

ఈ మధ్య ఫ్రెషర్ల ఇంటర్వ్యూ ప్యానెల్‌లో నన్ను కూర్చోబెట్టారు. రెజ్యూమేలు తిరగేస్తుంటే చివర్లో అదే పాత లైను: హాబీలు - పుస్తకాలు చదవడం, పాటలు వినడం, క్రికెట్ ఆడటం. ఇరవై ఏళ్ళ క్రితం నేనూ ఇదే రాశాను. మా హాస్టల్ మొత్తం ఒకడి రెజ్యూమే నుంచే కాపీ కొట్టింది కాబట్టి మా బ్యాచ్ అందరికీ ఒకే హాబీలు :)

ఒక కుర్రాణ్ణి ఊరికే అడిగాను, "ఈ మధ్య ఏం పుస్తకం చదివావు?" అని. పాపం మొహం తెల్లబోయింది. "ఇప్పుడు ప్రిపరేషన్‌లో ఉన్నాను సార్, జాబ్ వచ్చాక చదువుతాను" అన్నాడు. అందరం నవ్వేశాం. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట వదల్లేదు. నేనూ అలాగే అనుకున్నాను కదా. జాబ్ వచ్చాక. తర్వాత ఆన్‌సైట్ నుంచి వచ్చాక. తర్వాత ఫ్లాట్ కొన్నాక. ఆ తర్వాత ఈఎంఐ తీరాక...

ఈఎంఐ తీరలేదు గానీ, 2022 జనవరిలో ఒక రాత్రి ఒంటిగంటకి, రిలీజ్ కాల్ మధ్యలో, ఛాతీ పట్టేసింది. చేతులు తిమ్మిర్లు, చలికాలంలో ఒళ్ళంతా చెమటలు. అయిపోయింది, హార్ట్ ఎటాకే అనుకున్నాను. మా ఆవిడ పక్కింటివాళ్ళని లేపి, పాపని వాళ్ళకప్పగించి, నన్ను ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది. ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు, మళ్ళీ ఈసీజీ. తెల్లారగట్ల డ్యూటీ డాక్టరు "గుండె శుభ్రంగా ఉందండీ, ఇది పానిక్ ఎటాక్, సైకియాట్రిస్టుని కలవండి" అన్నాడు. నిజం చెప్పొద్దూ, గుండె జబ్బే అయితే బావుండుననిపించింది. కనీసం ఊళ్ళో చెప్పుకోవచ్చు!

సైకియాట్రిస్టు ఒక పెద్దావిడ. మందులు రాశారు, నిద్ర గురించి అడిగారు. రెండోసారి వెళ్ళినప్పుడు "ఆఫీసు, ఇల్లు కాకుండా ఇంకేం చేస్తారు?" అన్నారు. ఫోన్ చూస్తానండీ అన్నాను. "అది కాదు. మీరు చెయ్యకపోతే ఎవరూ అడగని పని, అయినా మీరు చేసే పని, ఒక్కటైనా ఉందా?" చాలాసేపు ఆలోచించాను. లేదు. నేను చేసే ప్రతి పనికీ వెనకాల ఎవరో ఒకరు ఎదురుచూస్తున్నారు. మేనేజరో, క్లయింటో, బ్యాంకో, పాప స్కూలో.

ఇక్కడ ఒక మాట చెప్పేసి ముందుకెళ్తాను. హాబీ మందు కాదు. నేను తొమ్మిది నెలలు మాత్రలు వేసుకున్నాను, డాక్టరు చెప్పినప్పుడే ఆపాను. "ఏదైనా వ్యాపకం పెట్టుకోరా, అన్నీ అవే సర్దుకుంటాయి" అని సలహా ఇచ్చే బంధువులు అందరికీ ఉంటారు. వాళ్ళ ప్రేమని కాదనను, కానీ ఆ సలహా నమ్మి డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఉండిపోకండి. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ 14416 ఒకటుంది, దాన్ని ఫోన్లో వేసి ఉంచుకోండి.

మరి హాబీ ఏం చేస్తుంది? ఆవిడ చెప్పిందీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపితే ఇది. దిగులులో ఉన్న మనిషి "మూడ్ వస్తే చేద్దాంలే" అంటాడు. మూడ్ రాదు. ఏమీ చెయ్యడు కాబట్టి ఇంకా దిగులు. మన భాషలో చెప్పాలంటే డెడ్‌లాక్. దాన్ని తిరగేసి, మూడ్‌తో సంబంధం లేకుండా ముందు చిన్న పని చేయించే చికిత్సని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. 1996లో జేకబ్సన్ బృందం అమెరికాలో డిప్రెషన్ పేషెంట్ల మీద పరీక్షించి చూస్తే, ఆలోచనల్ని మార్చే భాగం కూడా కలిపిన పూర్తి చికిత్స కంటే ఈ "ముందు పని చెయ్" అనే ముక్క ఏమీ తీసిపోలేదట.

నా చిన్న పని మిద్దె మీద మొదలైంది. మేముండేది మియాపూర్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంట్, పై అంతస్తు. నీళ్ళు కారితే నీదే బాధ్యత అనే షరతు మీద అసోసియేషన్ వాళ్ళు టెర్రస్‌లో ఒక మూల ఇచ్చారు. ఆ జూన్‌లో నాలుగు గ్రో బ్యాగులు, కోకోపీట్, వర్మీ కంపోస్ట్ తెచ్చి టమాట నారు పెట్టాను, బీర గింజలు నాటాను. టమాటకి పిండినల్లి పట్టింది. బీర తీగ మాత్రం పందిరెక్కి పూత పూసింది, కానీ పిందెలన్నీ పసుపు రంగుకి తిరిగి రాలిపోయాయి.

సంగతేమిటంటే అక్కడ తేనెటీగలు అంతగా లేవు. మగపువ్వుని తెంపి, దాని పుప్పొడిని ఆడపువ్వుకి మనమే అద్దాలి. కింద వేలెడు బీరకాయ లాంటి పిందె ఉంటే అది ఆడపువ్వు, గుత్తుల్లో వచ్చేవి మగపువ్వులు. తిరకాసు ఎక్కడంటే, బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. నేతిబీర పొద్దున పూస్తుంది, ఇది మాత్రం దీపాలు పెట్టే వేళకి. సరిగ్గా నా ఆరున్నర కాల్ టైముకి! రెండు వారాలు పిందెలు రాలాక ధైర్యం చేసి ఆ కాల్‌ని ఏడింటికి మార్చగలరా అని అడిగాను. న్యూయార్క్ వాడు "ష్యూర్" అన్నాడు. అంతే. మూడేళ్ళుగా ఆరున్నరకి పరిగెత్తిన కాల్ ఒక్క మాటతో జరిగిపోయింది, ఎవరూ చచ్చిపోలేదు.

ఆ అరగంట ఫోన్ కిందే వదిలేసి వెళ్ళేవాణ్ణి. సబీన్ సోనెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో, పని అలసట నుంచి మనిషి కోలుకోవడాన్ని నాలుగు విషయాలతో కొలిచారు: ఆఫీసు నుంచి మనసు విడిపోవడం, విశ్రాంతి, కొత్తది నేర్చుకోవడం, ఆ టైమ్ మీద మన పట్టు. ఆఫీసు ఫోన్ జేబులో పెట్టుకుని మొక్కకి నీళ్ళు పోస్తే మొదటిది గోవిందా.

"ఇవన్నీ సరే, రుజువేంటి?" అంటారేమో. 2023లో నేచర్ మెడిసిన్‌లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 16 దేశాల్లో 65 ఏళ్ళు, ఆపైన ఉన్న 93,263 మందిని ఏళ్ళ తరబడి గమనించిన లెక్కలు. హాబీ ఉన్నవాళ్ళలో డిప్రెషన్ లక్షణాలు తక్కువ, సంతోషం, జీవితం మీద తృప్తి ఎక్కువ. సంతోషంగా ఉన్నవాళ్ళే హాబీలు పెట్టుకుంటారు కదా అని నాలో టెస్టర్ వెంటనే లేచాడు. వాళ్ళు ఒకే మనిషిలో హాబీ ఉన్నప్పటికీ లేనప్పటికీ తేడా కూడా చూశారు కాబట్టి ఆ అనుమానం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పైగా అది మన వయసు వాళ్ళ మీద చేసింది కాదు. ఉన్నంతవరకు తీసుకుందాం.

ఇంతవరకు బాగానే ఉందా? ఇక నా తెలివితేటలు చూడండి.

2023 వేసవిలో ఈఎస్‌పీ 8266 బోర్డు ఒకటి కొన్నాను. కుండీకో తేమ సెన్సర్. డేటా అంతా ఇంట్లో సర్వర్‌కి, అక్కణ్ణుంచి గ్రఫానాలో అందమైన గ్రాఫులు. ఏ మొక్కకి ఎన్ని కాయలు, ఎన్ని గ్రాములు, ఎంత ఖర్చు అని ఎక్సెల్ షీటు. తేమ తగ్గితే ఫోన్‌కి అలర్టు. ఇది చాలక యూట్యూబ్‌లో ఛానెల్, వారానికో వీడియో, సబ్‌స్క్రైబర్లు 212 (అందులో మా కజిన్సే నలభై మంది). ఒక రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. ప్రొడక్షన్ పడిపోయిందని గుండె దడదడలాడుతూ లేస్తే, "వంకాయ - తేమ 18 శాతం". అదే దడ, అదే చెమట. ఒళ్ళు వంకాయకీ సర్వర్‌కీ తేడా చూడదు.

మనకి ఇదో రోగం. పరిగెడదామని మొదలుపెట్టి స్ట్రావాలో పేస్ చూసుకుని కుంగిపోతాం. ఫొటోలు తీద్దామని మొదలుపెట్టి లైకులు లెక్కపెడతాం. కాస్త బాగా చేస్తే చాలు, "దీన్ని సైడ్ ఇన్‌కమ్ చేసుకోవచ్చు కదా బ్రో" అనే మిత్రుడు తయారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే సైకాలజిస్టులు, బొమ్మలు వెయ్యడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్లో కొందరికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. తర్వాత ఒకటి రెండు వారాలకి చూస్తే, ఖాళీ సమయంలో ఆ పిల్లలు బొమ్మల మీద గడిపిన టైమ్ మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. చెప్పకుండా చివర్లో చేతిలో పెట్టిన పిల్లలకి ఏమీ కాలేదు. మన అప్రైజల్ బతుకంతా ఆ మొదటి గుంపులోనే గడిచింది, తోటలోకి కూడా ఆ సర్టిఫికెట్ పట్టుకెళ్ళాను నేను.

ఆ జూలైలో కంటి ఆపరేషన్‌కని మా నాయన వచ్చాడు. మాది మదనపల్లె దగ్గర పల్లె, టమాట రైతులం. తోట గర్వంగా చూపించాను, గ్రాఫులు చూపించాను. ఆయన చూసిందల్లా గ్రో బ్యాగు. "రేయ్, మన్ను దుడ్లిచ్చి కొన్న్యావా?" అని నవ్వాడు. నా ఎక్సెల్ షీటు చదివించుకుని, "ఒక్కో కాయ పదైదు రూపాయలు పడిందే నీకు" అన్నాడు. ఆ నెల మదనపల్లె మార్కెట్లో టమాట కిలో 200 దాకా పోయింది. "మా కాడ ఇప్పుడు పంట లేదు. ఉన్నప్పుడు ధర లేదు" అన్నాడు, వాతావరణం గురించి చెప్పినట్టు.

నాకు సిగ్గేసింది. ఆయన నలభై ఏళ్ళు అప్పు మీద చేసిన పనిని నేను హాబీ అంటున్నాను. అవే మొక్కలు, అదే పిండినల్లి. నాది పోతే కూరగాయలు కొనుక్కుంటాను, ఆయనది పోతే మా ఫీజులు ఆగిపోయేవి. నా తోటలో సుఖం ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. మొక్కల్లోంచి కాదు. అవి చచ్చిపోయినా ఫర్లేదు అన్న దాంట్లోంచి. గ్రాఫులు పెట్టి నేను పోగొట్టుకున్నది సరిగ్గా అదే.

మరి నీ హాబీ ఏంది నాయనా అని అడగబోయి, ఆ మాటకి ఆయన దగ్గర అర్థం ఏముంటుందిలే అని ఊరుకున్నాను. రాత్రి ఆయనే ఏదో మాట మీద చెక్కభజన సంగతి ఎత్తాడు. మా ఊరి రాములవారి గుడి ముందు రాత్రిళ్ళు వేసేవాళ్ళు, మా నాయన కాలికి గజ్జె కట్టి ముందు వరసలో ఉండేవాడు. "ఒక యేడు ధర లేక బండెడు కాయ దారెంబడి పారబోసి వచ్చినా. ఆ రాత్రి ఇంట్లో కూకోలేక చెక్కలు తీసుకోని గుడి కాడికి పోయినా. పోకుంటే ఏమైపోయుందునో" అన్నాడు. అని, కంట్లో చుక్కలు వేసే టైమైంది, మందు తెమ్మన్నాడు. నేను ఇంకేం అడగలేకపోయాను.

ఆయన ఊరెళ్ళిన వారానికి సెన్సర్లు పీకేశాను. ఛానెల్ మూసేశాను, 212 మందిలో ఒక్కరూ అడగలేదు :)

కథ అయిపోయిందనుకున్నాను గానీ, మా ఆవిడ ఒక ప్రశ్న వేసింది. "మీ హాబీ బావుంది. ఎవరి టైముతో చేస్తున్నారు?" తనూ టెస్టింగ్ లీడే, తనకీ కాల్స్ ఉంటాయి. నేను పైన పువ్వులకి పుప్పొడి అద్దే అరగంటలో కింద పప్పు కుక్కరూ, పాప హోంవర్కూ తన మీదే ఉన్నాయి. నాకు నోట మాట రాలేదు. 2024 నాటి జాతీయ టైమ్ యూజ్ సర్వే చూస్తే, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దాని మీద గడుపుతున్నారట. మా ఇంట్లో నా లెక్క 88 కూడా లేదు. ఐటీ వాళ్ళకి హాబీలుండాలని ఉపన్యాసాలిచ్చే మగమహారాజులం ముందు ఈ తేడా ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకోవాలి. వారానికి 70 గంటలు పని చెయ్యాలనే పెద్దల ఇళ్ళలో కుక్కర్ ఎవరు దించుతారో కూడా ఎవరైనా అడగాలి.

పెళ్ళికి ముందు తను ఎనిమిదేళ్ళు వయొలిన్ నేర్చుకుంది. అది పదిహేనేళ్ళుగా అటక మీదే ఉంది. కిందికి దించి తీగలు మార్పించాం. ఇప్పుడు సాయంత్రం వంట నాది. బుధ, శుక్రవారాలు ఆరింటికి పాపని తీసుకుని నేను టెర్రస్ మీదికి వెళ్ళిపోతాను, ఇల్లు తనకి వదిలేసి. పాప మగపువ్వుకీ ఆడపువ్వుకీ తేడా నాకంటే ముందు పట్టేస్తోంది. కింద నుంచి సరళీ వరసలు వినిపిస్తుంటాయి. పంచమం దగ్గర శ్రుతి జారుతుంది, ఆగి, తనని తనే తిట్టుకుని, మళ్ళీ మొదలుపెడుతుంది. మొన్న శుక్రవారం బాగా వాయించింది. రికార్డు చేసి వాట్సాప్‌లో పెడదామా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.