ఖత్‌ను చూడరు, మొహల్లాను చూస్తరు

ఇంట్లోనే మెయిల్ సర్వర్ పెట్టుకున్న. అమ్మీ ఆస్పత్రి రిపోర్టు జిద్దాలో ఉన్న ఆపాకు పంపితే స్పామ్‌లో పడింది. మూడు రోజులకు ఆపా ఫోను: "ఏంరా, అమ్మీ సంగతి దాస్తున్నవా?"

నా కాగజాత్ అన్నీ దురుస్తే. ఎస్‌పీఎఫ్ ఉంది, డీకిమ్ దస్తఖత్ ఉంది, డీమార్క్ ఉంది. మరి కసూర్ ఏంది? నా ఐపీ అడ్రసు ఇండ్ల కనెక్షన్ల వరుసలోది. ఆ వరుస మొత్తాన్నీ ముందే బ్లాక్‌లిస్టులో పెట్టిన్రు. ఐపీకి పేరు జోడించే రివర్స్ డీఎన్ఎస్ ఇఖ్తియార్ కనెక్షనిచ్చిన కంపెనీది. అడిగితే జవాబ్ లేదు.

వైరస్ సోకిన ఇంటి కంప్యూటర్ల నుంచే స్పామ్ వరదలా పారింది, నిజమే. శక్ వాజిబే. కానీ శక్ వేరు, సజా వేరు. మొహల్లా పేరు విని ఇల్లు కిరాయికియ్యని మకాన్‌దార్ లెక్కే ఇది. దస్తఖత్ చూడండి, నడవడి చూడండి, అప్పుడు ఫైస్లా చేయండి. లేకుంటే ఖత్ రాసే హక్ నాలుగు పెద్ద కంపెనీల జాగీర్ అయిపోతది.